చెయ్యి ఊపితే ముట్టుకోకూడదు

ఈ మధ్య ఫైటర్ల యూనియన్‌లో కొత్తగా చేరినవాళ్లు మా ఇంటికొచ్చి కూర్చున్నప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. నా సర్వీసులో అన్నిటికన్నా ప్రమాదమైన షాట్ ఏది అని. అద్దాలు పగలగొట్టుకుని దూకినవీ, కార్లు గాల్లోకి లేచినవీ చెప్తానని వాళ్ల ఆశ. అవన్నీ చేశాం, కాదనను. కానీ వాటికి తాళ్లు ఉంటాయి, కింద పరుపులూ అట్టపెట్టెలూ ఉంటాయి, మనకో లెక్క ఉంటుంది. నాకు నిజంగా చెమటలు పట్టించిన షాట్‌లో ఎత్తూ లేదు, నిప్పూ లేదు. ఒక మనిషి గడ్డి మీద నిలబడి ఆకాశంలోకి చూస్తాడు, అంతే. ఆ సంగతి చెప్తాను. దానికోసం ముందు ఒక ఆట గురించి కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. ఆ ఆట రూల్స్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. పొద్దున్నే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మెడలో కార్డులేసుకున్న పిల్లలతో కంపెనీ బళ్లు ఒకవైపు, లైట్లూ జనరేటర్లూ మోసుకెళ్లే స్టూడియో వ్యాన్లు ఇంకోవైపు ఇరుక్కుని హారన్లు కొట్టుకునేవి. అమెరికాలో మనవాళ్లు అంతమంది ఉన్నారు కదా, అక్కడ కూడా టికెట్లు తెగుతాయి కదా అని నిర్మాతలకి ఆశ పుట్టింది. ఫిల్మ్‌నగర్‌లో ఏ ఆఫీసు మెట్లెక్కినా అమెరికా కథే వినిపించేది.

అలాంటిదే ఒక సినిమాకి నన్ను ఫైట్ మాస్టర్‌గా పెట్టుకున్నారు. మా హీరోగారికి ముప్పై దాటి చాలా కాలమైంది. కథలో మాత్రం ఆయన అమెరికాలో హైస్కూల్ కుర్రాడు. మీసం తీసేస్తే సరిపోతుందని దర్శకుడు అనుకున్నాడు. హీరోగారు మీసం తియ్యనన్నారు. అమెరికాలో స్కూలు పిల్లలకి మీసాలుండవా అని నన్నడిగారు. ఉంటాయేమో సార్ అన్నాను. మన పని ఫైట్లు తియ్యడం, మీసాల జోలికి పోకూడదు.

కథ చివర్లో ఆ స్కూలు వాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడతారు, మనవాడు గెలిపిస్తాడు. అక్కడికే వెళ్లి తీద్దామనుకున్నారు గానీ యూనిట్‌లో సగం మందికి వీసాలు రాలేదు. అందుకని ఫిల్మ్‌నగర్ దాటాక ఉన్న ఒక స్కూలు గ్రౌండ్‌ని వేసవి సెలవుల్లో మాట్లాడారు. చుట్టూ మన జూబ్లీహిల్స్ బండరాళ్లు. అవి కనపడకుండా ఆర్ట్ వాళ్లు పెద్ద పెద్ద తెరలు కట్టి, వాటి మీద ఇంగ్లీషులో రాశారు. సున్నంతో గీతలు గీశారు. ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి గోల్ స్తంభాలు నిలబెట్టారు. మా ఫైటర్లకి అమెరికా వాళ్ల వేషం రావడం అదే మొదలు. హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఉన్నది యూసుఫ్‌గూడ మనిషో, అమెరికా మనిషో ఎవరికీ తెలీదు. మా వాళ్లు దానికి ఎంత మురిసిపోయారో చెప్పలేను. పొద్దున్నుంచీ హెల్మెట్ తియ్యకుండా టీ తాగడానికి తిప్పలు పడేవాళ్లు.

అయితే ఆ ఆట మాలో ఒక్కరికి కూడా రాదు. నిర్మాతగారి ఇల్లు శ్రీనగర్ కాలనీలో. వాళ్ల పై ఫ్లాట్‌లో అద్దెకి దిగిన ఒకాయన ఈ ఆట తెలిసినవాడని బయటపడింది. గోదావరి జిల్లా మనిషి. చాలా ఏళ్లు అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం చేసి, ఇక్కడి ఆఫీసు చూసుకోమని కంపెనీ పంపిస్తే వచ్చాడు. అక్కడ ఉన్నప్పుడు సెలవు రోజుల్లో స్కూలు పిల్లల మ్యాచ్‌లకి గీత పక్కన నిలబడి తప్పొప్పులు చూసేవాడట. ఆయన చిన్న పొట్టతో, నున్నగా ఇస్త్రీ చేసిన చొక్కాతో, మెడలో విజిల్, జేబులో పసుపుపచ్చ గుడ్డతో వచ్చాడు. తప్పు జరిగితే ఆ గుడ్డ నేల మీద పడేస్తారు. మా ఫైటర్లు మొదటిరోజే ఆయనకి రూల్స్ సారు అని పేరు పెట్టారు.

రూల్స్ సారు మాకు ఆట నేర్పిన పద్ధతి భలేగా ఉండేది. కొట్టడం గురించి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. ఎప్పుడు కొట్టకూడదో అదే చెప్పేవాడు. మేం బతికేదే కొట్టుడు మీద. అందుకని మొదట్లో మావాళ్లకి చిరాకేసింది. నాకు మాత్రం వినేకొద్దీ వినాలనిపించేది.

అన్నిటికన్నా నాకు వింతగా అనిపించింది బంతిని తన్నే సంగతి. పేరుకి ఫుట్‌బాల్ అన్నమాటే గానీ ఆటంతా చేతుల్లోనే. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోలేకపోతే బంతి అవతలి వాళ్లదైపోతుంది. అందుకని నాలుగోసారికి చాలా జట్లు తమంతట తామే బంతిని ఆకాశంలోకి తన్ని అవతలి వాళ్లకి ఇచ్చేస్తాయట. ఇచ్చేదేదో దూరంగా ఇస్తే వాళ్లు మన గోల్ దాకా రావడానికి కష్టపడతారు కదా అని. ఎలాగూ పోయేదాన్ని మర్యాదగా పంపించడమన్నమాట. ఇంత తెలివైన ఓటమిని నేనెక్కడా చూడలేదు.

అలా ఆకాశంలోకి లేచిన బంతి కింద అవతలి జట్టు మనిషి ఒకడు నిలబడతాడు. తన్నిన జట్టు వాళ్లంతా అతని మీదికి పరిగెత్తుకొస్తారు. బంతి చేతిలో పడిన మరుక్షణం గుద్ది పడేద్దామని. అక్కడే నేను చెప్పబోయే రూల్ వస్తుంది.

"ఆ కింద నిలబడ్డవాడు చెయ్యి పూర్తిగా తలపైకి చాపి అటూ ఇటూ ఊపొచ్చండీ," అన్నాడు రూల్స్ సారు. "ఒక్క ఊపు చాలదు, బాగా ఊపాలి. ఎండకి కళ్లకి అడ్డం పెట్టుకుంటే లెక్కలోకి రాదు. ఊపాడంటే ఇంక అతన్ని ముట్టుకోకూడదు. బంతి పట్టుకునే దారిలో అడ్డం కూడా నిలబడకూడదు."

మావాళ్లు పగలబడి నవ్వారు. కొట్టొద్దని చెయ్యి ఊపుడేంది సార్, గిదేం మొగోళ్ల ఆట అని ఒకడు అడిగాడు. రూల్స్ సారు నవ్వలేదు. దానికి ధర ఉందండీ అన్నాడు. చెయ్యి ఊపినవాడు బంతి పట్టుకున్నాక పరిగెత్తకూడదు, పట్టుకున్న చోటే ఆట ఆగిపోతుంది. పరిగెత్తితే వాడి జట్టుకే శిక్ష. ఇంకో మాట. నన్ను కొట్టొద్దు అని అడిగినవాడు, ఆ బంతి సంగతి తేలేదాకా తను కూడా ఇంకొకణ్ణి అడ్డుకోకూడదు. బంతి చేతికి తగిలి కింద పడిందా, ఇంక అది ఎవరికి దొరికితే వాళ్లది. సరిగ్గా పట్టుకుంటే మాత్రం, కావాలంటే అక్కణ్ణించే, ఎవరూ మీదికి రాకుండా గోల్‌కి తన్నుకోవచ్చని కూడా ఒక రూల్ ఉందట. ఎన్నో ఏళ్లు గీత పక్కన నిలబడ్డాను గానీ అలా తన్నినవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదండీ, ఎప్పటికైనా చూడాలని ఉంది అన్నాడు. పెద్దవాళ్ల ఆటలో రూల్స్ కొంచెం తేడాగా ఉంటాయి, మీ కథ హైస్కూల్ కాబట్టి నేను హైస్కూల్ రూల్సే చెప్తాను అని పట్టుబట్టేవాడు. మీసం ఉన్న హైస్కూల్ కుర్రాడికి ఇంత నియమంగా రూల్స్ చెప్పడం చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను. ఈ రూల్ ఎందుకు పుట్టింది, భయపడేవాళ్ల కోసమా అని. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, నన్ను గ్రౌండ్ మధ్యలో నిలబెట్టి, పైకి చూడమన్నాడు. చూశాను. కాసేపటికి అడిగాడు:

"ఇప్పుడు నేనెక్కడున్నాను మాస్టర్‌గారూ?"

ఎదురుగా ఉన్నారు అన్నాను. ఆయన మాట నా వీపు వెనకాల నుంచి వచ్చింది.

"ఆకాశం చూసేవాడికి నేల కనపడదండీ. ఇందులో ధైర్యం, పిరికితనం ఏమీ లేదు. బంతినైనా చూడాలి, మనుషుల్నైనా చూడాలి. రెండూ చూడమంటే మెడలు విరుగుతాయి. ఒక పిల్లాణ్ణి స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే పక్కనే నిలబడ్డాను నేను."

నేను ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించాను. ఎందుకంటే మా పని మొత్తం దానికి సరిగ్గా ఎదురు. సినిమా ఫైటులో కొట్టేవాడిది ఏమీ ఉండదు, అంతా దెబ్బ తినేవాడిదే. వాడు పిడికిలిని చూస్తాడు, సమయం చూసుకుని మొహం తిప్పుతాడు, ఎగిరి పడతాడు. దెబ్బ తినేవాడు దెబ్బని చూడాలి, ఇది నా గురువు నాకు చెప్పిన మొదటి పాఠం. చూడకుండా దెబ్బ తినే ఏర్పాటు మా దగ్గర లేనే లేదు.

మా దగ్గర లేనిది ఇంకోటి కూడా ఉంది. షాట్ మొదలయ్యాక లోపల ఉన్నవాడు ఆపడం. యాక్షన్ అన్నాక ఆపే హక్కు దర్శకుడిది, లేకపోతే మాస్టర్‌ది. ఫైటర్ని రెడీనా అని అడుగుతాం. రెడీ మాస్టర్ అంటాడు. ఇంకో జవాబు ఉండదు. ఉందంటే రేపట్నుంచి వాడికి ఫోన్ రాదు. ఎవరూ వాణ్ణి తిట్టరు, పంపించెయ్యరు. కేవలం ఫోన్ రాదు, అంతే.

హీరోగారికి డూప్‌గా చేసేవాడు ఒకడుండేవాడు. మధురానగర్ మనిషి. వాడూ నేనూ ఒకే ఏడాది ఫైటర్లుగా చేరాం. నేను మాస్టర్ అయ్యాను, వాడు డూప్ అయ్యాడు. అందరి ముందు మాస్టర్ అనేవాడు, పక్కన ఎవరూ లేకపోతే అన్న అనేవాడు. హీరోగారి నడక, భుజాల ఊపు అన్నీ వాడికి వచ్చు. వాడు కాదన్న షాట్ నేను ఎరగను.

మావాళ్లకి ఆట పట్టుబడ్డాక పిచ్చి పట్టింది. మధ్యాహ్నం అన్నాలు తినగానే మిట్టమధ్యాహ్నపు ఎండలో జట్లు కట్టి ఆడేవాళ్లు. రూల్స్ సారు ఆఫీసు నుంచి కారేసుకుని వచ్చి విజిల్ ఊదేవాడు, పసుపు గుడ్డ పడేసేవాడు. ఫైటర్లు రూల్ కోసం కొట్లాడుకోవడం నేను అప్పుడే చూశాను. విచిత్రం ఏమిటంటే, మా డూప్ బంతి కింద నిలబడ్డ ప్రతిసారీ చెయ్యి ఊపేవాడు. మిగతావాళ్లు ఏడిపించేవాళ్లు, హీరో డూప్ అయ్యుండి గిట్ల చెయ్యి ఊపుతవేందన్నా అని. వాడు నవ్వి ఊరుకునేవాడు. అంత మొండి మనిషి ఎందుకు ఊపుతున్నాడా అని నాకు కుతూహలంగా ఉండేది గానీ అడగలేదు.

ఇక అసలు షాట్. బంతి ఆకాశంలోంచి వస్తుంది, హీరో పట్టుకుంటాడు, అవతలి జట్టువాళ్లు ఎనిమిది మంది ఒక్కసారిగా వచ్చి గుద్దుతారు, హీరో కదలడు, వాళ్లే చెల్లాచెదురుగా ఎగిరి పడతారు. చెయ్యి ఊపే సీను పెడదామని రూల్స్ సారు దర్శకుడికి ముందే చెప్పి చూశాడు. దర్శకుడు మంచివాడే, వయసులో చిన్నవాడు. మా హీరో కొట్టొద్దని అడిగితే థియేటర్లు మిగలవు సార్ అని తీసిపారేశాడు. అదీ నిజమే.

రెండు రోజులు రిహార్సల్ చేశాం. మా రిహార్సల్ అంకెల మీద నడుస్తుంది. వన్ అంటే పరుగు, టూ అంటే వంగడం, త్రీ అంటే గుద్దు. డూప్ బరువు ఎటు వెయ్యాలో, ఎవరు ఎటు ఎగరాలో, అంతా అంకెలతో కుదిరిపోయింది. బంతి లేకుండానే చేశాం. డూప్ ఖాళీ చేతులతో పట్టుకున్నట్టు అభినయించాడు. ఇరవై ఏళ్లుగా మేం చేసే పద్ధతి అదే. కత్తి లేకుండా కత్తియుద్ధం, గుర్రం లేకుండా గుర్రం మీంచి పడడం. చివరికి వస్తువు చేతిలో పెడితే సరిపోతుంది.

షూటింగ్ రోజు సికింద్రాబాద్‌లో మన మామూలు ఫుట్‌బాల్ ఆడే ఒకతన్ని బంతి తన్నడానికి తీసుకొచ్చారు. మూడు కెమెరాలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించారు. హీరోగారు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నారు. రెడీనా అని అడిగాను. రెడీ మాస్టర్ అన్నాడు డూప్. దర్శకుడు యాక్షన్ అన్నాడు.

బంతి లేచింది. చాలా ఎత్తు లేచింది. నేను మైకులో వన్ అన్నాను. ఎనిమిది మంది కదిలారు. టూ అన్నాను. బంతి ఇంకా పైకే పోతోంది. బంతికి మా అంకెలు తెలీవు కదా. ఆ సంగతి నాకు అప్పుడు, మైకు పట్టుకుని, నోట్లో త్రీ పెట్టుకుని ఉన్నప్పుడు తట్టింది. డూప్ తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు. వాళ్లు పూర్తి పరుగులో అతనికి దగ్గరపడ్డారు. త్రీ అనలేదు, ఆగండి అని కూడా అనలేదు నేను.

అప్పుడు డూప్ కుడిచెయ్యి నిటారుగా పైకి లేచింది. అటూ ఇటూ ఊగింది.

ఎనిమిది మందీ ఆగారు. ఆగడమంటే నిలబడడం కాదు, ఆ వేగంలో అదెలా కుదురుతుంది. ఇద్దరు పక్కలకి తప్పుకున్నారు, ఒకడు నేల మీద జారి మోకాళ్లు గీరుకున్నాడు, వెనక వచ్చేవాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. అతన్ని మాత్రం ఒక్కడూ తాకలేదు. బంతి వచ్చి అతని చేతుల్లో పడింది. పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దంలో గ్రౌండ్ పక్కనుంచి విజిల్ మోగింది. రూల్స్ సారు అలవాటు కొద్దీ ఊదేశాడు.

దర్శకుడు కుర్చీలోంచి లేచి వచ్చాడు. మూడు కెమెరాల ఫిల్మ్ వృథా అయింది, పైన ఎండ, ఆయన కోపంలో తప్పేం లేదు. ఎవరు ఆపమన్నారు, విజిల్ ఎవరు ఊదమన్నారు అని అందర్నీ కడిగేశాడు. రూల్స్ సారు విజిల్ తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను డూప్ దగ్గరికి వెళ్లాను. హెల్మెట్ తీశాడు. మొహం పాలిపోయి ఉంది.

"బాల్ చూస్తుంటే మనుషులు కనవడ్తలేరు మాస్టర్," అన్నాడు. "చెయ్యి లేవాలని లేపలే. లేచింది."

దర్శకుడు నా వైపు తిరిగి వేరేవాళ్లని పెట్టండి అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే మావాళ్లలో నలుగురు ముందుకొచ్చారు. నేను చేస్తా మాస్టర్ అంటే నేను చేస్తా అని. వాళ్లని చూస్తే నాకు భయమేసింది. ఎనిమిది మంది మీదికి వస్తుంటే అంత ఎత్తు లేచిన బంతి కింద వాళ్లలో ఒక్కడు కూడా నిలబడి చూడలేదు. ఏం అడుగుతున్నామో తెలీకుండానే రెడీ అంటున్నారు. డూప్ ఒక పక్కకి వెళ్లి భుజాలకి కట్టుకున్న ప్యాడ్ల ముడులు విప్పుకుంటున్నాడు. ఇన్నేళ్ల అన్నం ఆ ఒక్క చెయ్యి ఊపుతో పోయిందని వాడికి అర్థమైపోయింది, నాకూ అర్థమైంది. నేను ఊ అంటే చాలు, ఆ నలుగురిలో ఒకడు వెళ్లి నిలబడతాడు. వాడికేమైనా అయితే దాన్ని ప్రమాదం అంటాం. డూప్‌కి ఫోన్ రాకపోతే దాన్నేమీ అనం.

నాకు ఒకటి తెలుసుకోవాలనిపించింది. నిజం చెప్పాలంటే జాలి కన్నా ముందు కుతూహలమే. ఆ చెయ్యి దానంతట అదే లేచిందంటున్నాడు. అలా లేస్తుందా అని. హెల్మెట్ ఇటివ్వు అని డూప్ చేతిలోంచి తీసుకున్నాను. నేనే నిలబడతానన్నాను. దర్శకుడు వద్దన్నాడు, మీ వయసులో ఎందుకు మాస్టర్‌గారూ అన్నాడు. ఒక్క టేకు అన్నాను. అంకెలు చెప్పడానికి డూప్‌కే మైకు ఇచ్చాను.

నిలబడ్డాను. బంతి లేచింది. తల ఎత్తాను. నీలంగా, ఖాళీగా, ఎంత దూరమో తెలియని ఆకాశం, అందులో చీమంత బంతి. దాని మీంచి చూపు తిప్పితే మళ్లీ దొరకదు. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. తర్వాత అడుగుల చప్పుడు. అది చెవులకి వినపడ్డట్టు లేదు, అరికాళ్లకి తెలిసింది. ఎటునుంచి వస్తున్నారో, ఎంత దూరంలో ఉన్నారో తెలీదు. వాళ్లంతా నేను నేర్పినవాళ్లే. పేరుపేరునా నాకు తెలిసినవాళ్లే. మైకులో డూప్ గొంతు టూ అంది.

నా చెయ్యి లేచింది. నేను ఊపాను.

వాళ్లు ఆగారు. నా చుట్టూ దుమ్ము లేచింది. బంతి మాత్రం నా ఛాతీ మీద పడి, చేతుల్లోంచి జారి గడ్డి మీద దొర్లింది. రూల్ ప్రకారం అది ఇప్పుడు ఎవరికి దొరికితే వాళ్లది. ఎవరూ దాని జోలికి పోలేదు.

దర్శకుడు ఏదో అనబోయేలోగా గొడుగు కింది నుంచి హీరోగారు లేచి వచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది. నా చెయ్యి పట్టుకుని, పైకెత్తి, మళ్లీ కిందికి దించి చూశారు.

"ఇదే కావాలి మాస్టర్," అన్నారు. "నేను చెయ్యెత్తుతాను, ఎనిమిది మంది ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. కొట్టి పడేసేది ఏముంది, అందరూ చేస్తారు. ఇది నేనే చేస్తాను, డూప్ వద్దు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కొట్టొద్దని అడగడం మా హీరోగారి చేతిలో పడి ఎనిమిది మందిని శాసించడం అయిపోయింది. దర్శకుడు కూడా ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఆ దృశ్యాన్ని లోపల ఆడించుకుని, బావుంది సార్ అన్నాడు. రూల్స్ సారుకి కూడా సంతోషమే. అయితే హీరోగారు అక్కడ ఆగలేదు. అందరూ ఆగిపోయాక ఆయన బంతి పట్టుకుని వాళ్ల మధ్యలోంచి పరిగెత్తి గోల్ చేస్తారట. పరిగెత్తకూడదండీ, అది తప్పు, శిక్ష పడుతుందండీ అని రూల్స్ సారు బతిమాలాడు. ఊపి ఊరికే నిలబడితే మనవాళ్లు కుర్చీలు విరగ్గొడతారని హీరోగారు. మొదటి టేకులో ఆయన పరిగెత్తగానే రూల్స్ సారు పసుపు గుడ్డ తీసి కెమెరా ముందు విసిరేశాడు. చెయ్యి ఆగలేదండీ అన్నాడు తర్వాత, సిగ్గుపడుతూ. ఆయన్ని గ్రౌండ్ బయట టీ బండి దగ్గర కూర్చోబెట్టి రెండో టేకు తీశాం.

సినిమాలో ఇప్పటికీ అలాగే ఉంది. మాదాపూర్‌లో రూల్స్ సారు ఆఫీసు పిల్లలు ఆ సీను చూసి చాలా రోజులు ఆయన కనపడితే చెయ్యి ఊపి పరిగెత్తేవాళ్లట. ఊళ్లలో మాత్రం విజిళ్లు పడ్డాయి. సినిమా ఎలా ఆడిందంటే, మీరు దాని పేరు అడగడం లేదు కదా, అలా ఆడింది.

ఆ మధ్యాహ్నం ప్యాడ్లు సర్దుతుంటే డూప్ వచ్చి నా పక్కన గడ్డి మీద కూర్చున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అడిగాడు.

"రేపు నన్ను పిలుస్తవా అన్న?"

"ఫస్ట్ ఫోన్ నీకే," అన్నాను.

"నాకు మస్తు సిగ్గైంది. గంతమంది ముంగట చెయ్యి లేపిన. నువ్వు గూడ లేపినంక జర పానం కుదుటపడ్డది."

మరి భోజనాలప్పుడు ఆటలో ప్రతిసారీ ఎందుకు ఊపేవాడివి అని అడిగాను. ఇన్ని రోజులుగా నన్ను తొలిచిన ప్రశ్న. వాడు గడ్డి పరకలు తెంపుతూ చెప్పాడు. ఇన్నేళ్లలో వద్దు అన్న మాట ఒక్కసారి కూడా అనలేదట. అంటే ఎలా ఉంటుందో చూద్దామని ఊపాడట. మొదటిసారి నిజంగానే అందరూ ఆగిపోతే నమ్మలేకపోయాడట. అందుకే మళ్లీ మళ్లీ ఊపేవాడట. ముప్పై సినిమాలకి పైగా కలిసి పనిచేశాం. ఆ మాట నాతో అనడానికి వాడికి అమెరికా స్కూలు పిల్లల రూల్ ఒకటి కావలసి వచ్చింది.

సాయంత్రం హెల్మెట్లు తిరిగి ఇచ్చేటప్పుడు అందర్నీ నిలబెట్టి చెప్పాను. రేపట్నుంచి నా సెట్లో ఈ రూల్ ఉంటుంది. యాక్షన్ అన్నాక అయినా సరే, చెయ్యెత్తి ఊపితే షాట్ ఆగుతుంది. ఎందుకని ఎవరూ అడగరు. ఊపినవాడు ఆ షాట్ చెయ్యడు, చప్పట్లు ఇంకొకడికి పోతాయి, అంతవరకే నష్టం. మర్నాడు ఫోన్ మామూలుగానే వస్తుంది. అందరూ ఊపితే ఏం చేస్తరు మాస్టర్ అని వెనకనుంచి ఒకడు అడిగాడు. అప్పుడు షాట్ మార్చుకుంటా అన్నాను.

నిర్మాతలకి ఈ సంగతి తెలిసి కొందరు మొహం చిట్లించారు. ఫైటర్లు ఇంక పని చెయ్యరన్నారు. నేనూ లోపల కొంచెం భయపడ్డాను. తీరా చూస్తే ఏళ్ల తరబడి నా సెట్లో చేతులు లేచింది చాలా అరుదు. లేచిన ప్రతిసారీ వెళ్లి చూస్తే తాడు ముడో, నేల తడో, ఏదో ఒకటి ఉండేది. మిగతా రోజుల్లో మావాళ్లు ఇదివరకటి కన్నా ఎక్కువ ఎగిరేవాళ్లు. ఆపొచ్చని తెలిశాక మనిషి ఎందుకు అలా ధైర్యంగా దూకుతాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలీదు. మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. అంతవరకూ మీ మాస్టర్ ఎవరైనా సరే, రెడీ అనే ముందు ఒక్కసారి అక్కడ నిలబడి పైకి చూడండి.

ఆ రోజు ప్యాకప్ అయ్యాక నేను గ్రౌండ్ గేటు దగ్గర నిలబడ్డాను. భారీ ఫైటు తీసిన రోజు మావాళ్లలో ఎవడో ఒకడు ఇంకొకడి బండి వెనకాల, దెబ్బ తగిలిన చెయ్యో కాలో పట్టుకుని కూర్చుని వెళ్లడం మామూలు. ఆ సాయంత్రం మాత్రం ఎవరి బండి వాళ్లే నడుపుకుంటూ వెళ్లిపోయారు. ఆఖర్న డూప్ వచ్చాడు. స్కూటర్ కిక్ కొట్టాడు. కొంచెం దూరం పోయి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి నన్ను చూశాడు.

"పొద్దుగాల వస్తా అన్న," అన్నాడు.